నల్ల బంతి విషయమై యథాతథ స్థితి

మే నెల పద్దెనిమిదో తేదీ, సాయంత్రం ఆరు గంటల నలభై నిమిషాలు. కాకినాడలో ఉష్ణోగ్రత ముప్పై తొమ్మిది డిగ్రీలు. ఆ వేళకు సముద్రం మీద నుంచి రావలసిన గాలి ఇంకా బయలుదేరలేదు. సరిగ్గా ఆ సమయంలో, రేవు దారిలోని అధికారుల వినోద సంఘం బిలియర్డ్స్ గదిలో, జిల్లా సంక్షేమాధికారిణి గుత్తుల మాణిక్యాంబ బల్ల మీదకు వంగి, ఎడమ కన్ను కాస్త చిట్లించి, నల్ల బంతిని మూల పాకెట్‌లోకి పంపింది.

బంతి పడిన చప్పుడు అందరికీ వినిపించింది. చప్పట్లు మాత్రం వినిపించలేదు. కొట్టకూడదన్న నియమమేదీ లేదు. ఎవరికీ కొట్టబుద్ధి కాలేదు.

స్నూకర్ ఎరుగనివారికి ఇక్కడ ఒక విషయం చెప్పడం అవసరం. బల్ల మీది ఎర్ర బంతులు, తరువాత రంగు బంతులు ఒక్కొక్కటే పోగా చివర మిగిలేది నల్ల బంతి. దాని విలువ ఏడు పాయింట్లు. అది పడితే ఫ్రేము, అనగా ఆ విడత ఆట, ముగుస్తుంది. అయితే అది పడిన తరువాత ఇద్దరి పాయింట్లూ సమానమైతే మాత్రం ముగియదు. నల్ల బంతిని తీసి మళ్లీ దాని చుక్క మీద పెట్టాలి. ముందు ఎవరు కొట్టాలో చెప్పే హక్కు ఎవరిదన్నది అదృష్టానికి వదిలి తేల్చాలి. అందుకు ప్రపంచమంతటా నాణెం ఎగరేస్తారు. ఆ పైన ఎవరు బంతి వేసినా, ఎవరు తప్పు చేసినా, దానితో ఆట సరి.

మాణిక్యాంబ ఆ బంతి వేయకముందు, సంఘం కార్యదర్శి పెన్మెత్స విజయరామరాజుగారికి అరవై ఒక్క పాయింట్లు, ఆమెకు యాభై నాలుగు. వేసిన తరువాత ఇద్దరికీ అరవై ఒకటి.

మాణిక్యాంబకు స్నూకర్ మీద ప్రేమ లేదు. ఆమెకు కావలసినవి నీళ్లు. సంఘం వెనుక ప్రహరీకి అవతల ప్రభుత్వ కళాశాల బాలికల వసతి గృహం ఉన్నది. అందులో కుళాయిలున్నాయి గాని వాటిలోకి నీళ్లు రావు. తెల్లవారకముందే వచ్చే ట్యాంకరు దగ్గర ఆడపిల్లలు బకెట్లతో బారులు తీరి, మెట్లెక్కి, మొదటి గంట పాఠం సగంలో తరగతికి చేరేవారు. ఊరి పెద్ద గొట్టం సంఘం ముందు నుంచే పోతుంది. దాని నుంచి హాస్టలుకు గొట్టం వేయాలంటే సంఘం పెరటి పచ్చిక కింద నుంచి తవ్వుకుపోవాలి. లేదా ఊరంతా చుట్టి రావాలి, అందుకు మంజూరు లేదు. పచ్చిక తవ్వడానికి అభ్యంతరం లేదని కార్యదర్శి ఒక్క కాగితం మీద సంతకం చేస్తే చాలు. మూడేళ్లుగా ఆమె రాస్తున్నది. "విషయము పరిశీలనలో నున్నది" అని మూడేళ్లుగా జవాబు వస్తున్నది.

నీటి సరఫరా కార్యనిర్వాహక ఇంజనీరు సత్తి భాస్కరరెడ్డి మంచివాడే. ఆమెకు రహస్యం విప్పి చెప్పింది అతడే.

"చూడండి మేడమ్, ఆఫీసులో మాట్లాడితే అది ఫైలండి. క్లబ్బులో మాట్లాడితే అది పనండి. రాజుగారు ఏ మాటిచ్చినా ఆ బిలియర్డ్స్ గదిలోనే ఇస్తారు. అక్కడ ఏసీ ఉంది గదండీ, మనసు చల్లగా ఉంటది."

ఆ గదిలోకి స్త్రీలకు ప్రవేశం లేదు. వారికి తోట చివర రేకుల కప్పు కింద ఒక విశ్రాంతి మందిరం ఉన్నది. మే నెలలో అందులో విశ్రమించినవారెవరూ లేరు. అయితే క్రీడాభివృద్ధి నిధి నుంచి గ్రాంటు పుచ్చుకున్నప్పుడు, పోటీలు అందరికీ తెరిచి ఉంచాలని, ప్రజలు చూసే వీలుండాలని ఒక షరతు వచ్చిపడింది. గ్రాంటు కావాలి, స్త్రీలు వద్దు. అందుకని ఉపాధ్యక్షుడు, విశ్రాంత సబ్ జడ్జి కంచిభొట్ల నరహరిగారు నియమావళికి ఒక మినహాయింపు రచించారు: "పోటీయందు పాల్గొను స్త్రీ, తాను ఆడు ఫ్రేము ప్రారంభమైనది మొదలు ముగియునంతవరకు మాత్రమే గదియందు ఉండవచ్చును." అంత కష్టపడి స్నూకర్ నేర్చుకుని వచ్చే స్త్రీ జిల్లాలో ఉండదని కార్యవర్గం ఏకగ్రీవంగా భావించింది.

మాణిక్యాంబ జగన్నాథపురంలో ఒక సైకిల్ షాపు మేడ మీది బల్లపై ఏడాదిన్నర పాటు నేర్చుకున్నది. లెక్కలలో పట్టా పుచ్చుకున్న మనిషి కావడం వల్ల కోణాలు ఆమె మాట విన్నాయి. తొలి మూడు రౌండ్లలో ప్రత్యర్థులు ఆడమనిషి కదా అని మర్యాదకు కొంత వదిలి ఆడారు. తరువాత తిరిగి పట్టుకోవాలని చూశారు గాని దొరకలేదు. అలా ఆమె ఫైనలుకు వచ్చింది. ఇప్పుడిది చివరి ఫ్రేము. ఇది ముగిస్తే, గెలిచినా ఓడినా, ఆమె గుమ్మం బయటే. గెలిస్తే కప్పు పుచ్చుకునే రెండు నిమిషాలు రాజుగారి ఎదుట నిలబడి, నలుగురి ముందు సంతకం సంగతి అడగవచ్చునన్నది ఆమె పథకం.

రిఫరీ స్థానంలో ఉన్న నరహరిగారు గొంతు సవరించుకున్నారు. ఉద్యోగ విరమణ చేసి తొమ్మిదేళ్లయినా ఆయన ఎక్కడ కూర్చుంటే అక్కడ న్యాయస్థానం వెలిసేది.

"స్కోరు సమానము. నియమానుసారము నల్ల బంతిని పునఃస్థాపించవలసినది."

బంతి చుక్క మీదకు వచ్చింది. రాజుగారు జేబులోంచి అయిదు రూపాయల బిళ్ల తీశారు. ఆరడుగుల మనిషి, తెల్లని మీసం, ఆట బట్టలకు కూడా గంజి పెట్టించుకునే అలవాటు.

"చెప్పండి మేడమ్ గారూ, బొమ్మా బొరుసా?"

"ఆగండి," అన్నారు నరహరిగారు. "ఆ నాణెం ముందు జేబులో పెట్టండి, సెక్రటరీ గారూ. మీరిప్పుడు చేయబోయినది సభ్యత్వం రద్దు కాదగిన నేరం."

రెండేళ్ల కిందట సంఘం పేకాట గది మీద పోలీసులు దాడి చేశారు. మరునాడే మహాసభ నరహరిగారు రాసిన తీర్మానాన్ని ఆమోదించింది. ఆయన దానిని ఇప్పుడు కళ్లు మూసుకుని అప్పగించారు: "సంఘ ఆవరణయందు నాణెము, పాచిక, చీటీ, పేకముక్క ఆదిగాగల ఏ సాధనముచేతనైనను ఫలితము అదృష్టాధీనముగా నిర్ణయింపబడు ఏ చర్యయు నిషిద్ధము."

"అది పేకాటకండి బాబూ! ఇది టాసు!" అన్నారు రాజుగారు.

"తీర్మానంలో పేకాట అన్న మాట లేదు. నేనే రాశాను. బయటివాళ్లు చదివితే మర్యాదగా ఉండదని తీసేశాను."

"పోనీ, రోడ్డు మీదకెళ్లి ఎగరేసుకొచ్చేద్దారండి," అన్నాడు భాస్కరరెడ్డి.

"ఫ్రేము మధ్యలో పోటీదారులు గది విడిచి వెళ్లిన ఆట కోల్పోయినట్లే. పైగా రోడ్డు నా అధికార పరిధిలో లేదు."

ఆటకు టాసు తప్పనిసరి. ఆవరణలో టాసు నిషిద్ధం. నరహరిగారి ముఖంలో, చాలాకాలం తరువాత మంచి దావా చేతికి వచ్చిన మనిషి ప్రశాంతత కనిపించింది. ఆయన ఉత్తర్వు చెప్పారు. నల్ల బంతి విషయమై యథాతథ స్థితి కొనసాగవలెను. ఉన్న ఒక్క బల్లనూ మరెవరూ ముట్టరాదు. ప్రతిష్టంభన తొలగేవరకు ఫ్రేము నడుస్తున్నట్లే భావించవలెను. ఇద్దరు పోటీదారులూ ప్రతిరోజు సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది వరకు గదిలో హాజరుండవలెను. మిగిలిన వేళలు విరామముగా భావించవలెను. ఎవరు రాకపోతే వారు ఓడినట్లు.

"అంటే," రాజుగారు మెల్లగా అడిగారు, "మేడమ్ గారు రోజూ ఇక్కడికి..."

"ఫ్రేము ముగియలేదు గనుక ఆమె హక్కు ముగియలేదు. మినహాయింపు స్పష్టంగా ఉన్నది."

మాణిక్యాంబ క్యూను, అనగా ఆట కర్రను, గోడకు ఆనించి, ఏసీకి ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చున్నది. నిలబడి అడగవలసిన రెండు నిమిషాలకు బదులు రోజుకు మూడు గంటలు దొరికాయి. ఆమె ఆలస్యం చేయలేదు.

"రాజుగారండీ, హాస్టలు గొట్టం విషయం..."

"తప్పు తప్పు," రాజుగారు రెండు చేతులూ ఎత్తారు. "ఫ్రేము నడుస్తుండగా ప్రత్యర్థితో వ్యవహారాలు మాట్లాడకూడదండి. క్రీడాస్ఫూర్తి అంటారు దాన్ని. ముగిశాక నిదానంగా మాట్లాడుకుందాం."

"ముగిశాక నన్ను లోపలికి రానివ్వరు కదండీ?"

"అది నియమమండి. నేనేం చేస్తాను చెప్పండి?"

మరునాడు కార్యవర్గం అత్యవసరంగా సమావేశమైంది. నాణెం లేకుండా వంతు తేల్చే మార్గాలు చర్చకు వచ్చాయి. సర్వీసు సీనియారిటీ ప్రకారం తేల్చవచ్చునన్నారు. రాజుగారు సూపరింటెండింగ్ ఇంజనీరుగా రిటైరైనవారు, రిటైరైన సీనియారిటీ సీనియారిటీయేనా అన్నది తేలక ఆ ప్రతిపాదన సాధారణ పరిపాలన శాఖ అభిప్రాయానికి వెళ్లింది. ఆడవారికి ముందు అవకాశం ఇచ్చేస్తే హుందాగా ఉంటుందన్నారు రాజుగారు. అందులో అదృష్టం ఎక్కడున్నదని నరహరిగారు నిలదీశారు. చివరకు భాస్కరరెడ్డి తన శాఖలో నలిగిన మార్గం సూచించాడు: హక్కు కోరి ఇద్దరూ సీల్డు టెండర్లు వేయాలి, ఎక్కువ కోట్ చేసినవారిది హక్కు.

"ఇద్దరూ సమానంగా కోట్ చేస్తే?" అని నరహరిగారు అడిగారు.

"అప్పుడు రూలు ప్రకారం చీటీ తీస్తామండి," అని చెప్పి, భాస్కరరెడ్డి తన మాట తానే విని కూర్చుండిపోయాడు.

దినాలు గడిచాయి. ఆరు కాగానే మాణిక్యాంబ వచ్చి కూర్చునేది. ఎదుటి కుర్చీలో రాజుగారు కూర్చునేవారు. మధ్యలో పచ్చని బల్ల, దాని మీద ఒంటరిగా నల్ల బంతి. రిఫరీ ఇద్దరి హాజరు వేసి తాను కూర్చునేవారు. పోటీదారుకు ఒక సహాయకుడు ఉండవచ్చునని నియమావళిలో ఉన్నట్లు మాణిక్యాంబకు గుర్తుకు వచ్చింది. సహాయకుడు అన్న పదం పురుషులకు మాత్రమే వర్తించేది కాదని నరహరిగారు అయిదు నిమిషాలలో తీర్పు చెప్పారు. దానితో హాస్టలు వార్డెను మేడిది ఎస్తేరు కాఫీ ఫ్లాస్కుతో గదిలో అడుగుపెట్టింది.

"ఓరి నాయనో! ఊటీని తెచ్చి ఇక్కడెట్టుకున్నారేటండీ మేడమ్ గారూ? మా పిల్లలు అటుపక్క మాడి మసైపోతున్నారండి."

ఆమె ఆ మాట రాజుగారిని చూడకుండా, రాజుగారికి వినిపించేటట్లు అన్నది. రాజుగారు సుద్దముక్క తీసుకుని క్యూ కొసకు రుద్దసాగారు.

తరువాత గ్రాంటు షరతు పైకి వచ్చింది. ఫ్రేము నడుస్తున్నది, ఫ్రేము నడుస్తున్నప్పుడు ప్రజలు చూసే వీలుండాలి. ఎవరో ఫోను చేసి అడగ్గా, గది పైభాగాన మూసి ఉంచిన ప్రేక్షకుల గ్యాలరీ తెరవకపోతే గ్రాంటు వాపసు చేయవలసి వస్తుందని నిధి కార్యాలయం మౌఖికంగా తెలిపింది. గ్యాలరీ తలుపులు తెరిచారు. కదలని నల్ల బంతిని చూడడానికి కాకినాడలో ఇంతమంది ఉంటారని ఎవరూ ఊహించలేదు. అధికారుల భార్యలు, అత్తగార్లు, ట్యూషన్ నుంచి వచ్చిన పిల్లలు, ఊలు బంతులతో అల్లికలు, గిన్నెలలో వలవవలసిన బఠాణీలు. ముందు వరుసలో కూర్చున్నది రాజుగారి భార్య సుభద్రమ్మగారు.

"ఏవండీ," అని ఆమె మొదటిరోజే అందరికీ వినబడేటట్లు పిలిచింది, "ఇరవై ఏళ్లుగా వేడికి ఉడికిపోతూ మీటింగులో ఉన్నానంటిరి. ఇదేనా ఆ మీటింగు?"

ఆట లేక సభ్యులు అల్లాడిపోయారు. బిలియర్డ్స్ గదిలో మాట్లాడుకోవలసిన బదిలీలు, కాంట్రాక్టులు, వియ్యాలు అన్నీ ఆడవారి ఎదుట ఎలా మాట్లాడడమో తెలియక నిలిచిపోయాయి. జిల్లా పరిపాలన కుంటుపడుతున్నదని ఒక ప్రతినిధి బృందం రాజుగారిని కలిసింది. ఒక్క కప్పు కదా, ఓటమి ఒప్పుకుని ఫ్రేము ముగించేయమని వేడుకున్నది.

"నేనా? ఒప్పుకోవడమా?" అన్నారు రాజుగారు.

ఆయనకు ఆ శ్రమ కూడా లేకుండా నరహరిగారు కల్పించుకున్నారు. "చట్టరీత్యా కుదరదు. ఓటమి ఒప్పుకునే హక్కు, కొట్టే వంతు ఎవరిదో వారికే ఉంటుంది. వంతు ఎవరిదన్నది టాసు మీద ఆధారపడి ఉన్నది. టాసు లేదు. కనుక ప్రస్తుతం ఈ గదిలో ఓడిపోవడానికి అర్హత గలవారెవరూ లేరు."

ఇక మిగిలింది ఒక్కటే. ఒక్క పర్యాయం నాణెం ఎగరవేయుటకు అనుమతి కోరుతూ, తీర్మానానికి మూలకారణమైన పోలీసు శాఖకే దరఖాస్తు వెళ్లింది. శాఖ నుంచి ప్రశ్నలు వచ్చాయి. నాణెం విలువ ఎంత? ఎంత ఎత్తునకు ఎగరవేయుదురు? నేల మీద పడునా, అరచేతిలో పడునా? ఎగరవేయు వ్యక్తిపై గతంలో కేసులున్నవా? జవాబులన్నీ మూడు ప్రతులలో వెళ్లాయి. రుతుపవనాలు కేరళ తాకిన వారానికి అనుమతి వచ్చింది: ఒక కానిస్టేబుల్ సమక్షంలో, ఒకేసారి, పైకప్పునకు తగలకుండా.

ఆ సాయంత్రం గ్యాలరీలో నిలబడడానికి చోటు లేదు. కానిస్టేబుల్ టోపీ తీసి చంకలో పెట్టుకుని ఏసీ కిందే నిలబడ్డాడు. నరహరిగారు నాణెం ఎగరేశారు. మాణిక్యాంబ బొరుసన్నది. బొరుసే పడింది.

"ఆ బిళ్ల ఇలా ఇప్పించండి సార్," అన్నాడు కానిస్టేబుల్. "స్టేషన్లో జమ కట్టాలండి."

"అది నా బిళ్లయ్యా," అన్నారు రాజుగారు.

"కోర్టులో అడిగి తీసుకోండి సార్."

చుక్క మీది నల్ల బంతిని బల్ల అవతలి చివర నుంచి నేరుగా పాకెట్‌లో వేయడం కష్టం. తగలకపోతే తప్పు, తప్పయితే ఓటమి. అందుచేత మాణిక్యాంబ ముందు కొట్టే భారాన్ని రాజుగారికే అప్పగించింది. రాజుగారు తెల్ల బంతిని సుతారంగా పంపి, నల్లదానిని కాస్త తాకించి, రెండింటినీ రెండు కొసలకు చేర్చారు. ఆమె కూడా అలాగే తాకించి వదిలింది. మళ్లీ ఆయన. మళ్లీ ఆమె. వంతు వచ్చిన ప్రతిసారీ మాణిక్యాంబకు బల్ల కాకుండా దాని వెనుక ద్వారం కనిపించేది. ఇంతకాలం కూర్చున్నది, సంతకం మాత్రం రాలేదు. ఫ్రేము ముగిసిన క్షణాన తాను మళ్లీ ఉత్తరాలు రాసే మనిషి.

భాస్కరరెడ్డి మంచినీళ్ల గ్లాసు మిషతో రాజుగారి చెవి దగ్గరకు చేరాడు.

"రాజుగారండీ, ఒక్క ఫౌలు. తెల్ల బంతి నల్లదానికి తగలకుండా అలా పక్కనించి పోయిందనుకోండి. గది మనకొచ్చేస్తది."

"మరి కప్పో?"

"కప్పులు బజార్లో దొరుకుతాయండి."

"నల్ల బంతికి తగల్చలేకపోయిన విజయరామరాజని పేరొస్తే, అది కడుక్కోడానికి బజార్లో ఏం దొరుకుద్దయ్యా?"

"తొందరపడకండి," అని గ్యాలరీ నుంచి సుభద్రమ్మగారు హెచ్చరించింది. "వానలు ఇంకా పడలేదు."

ఆ తరువాతి దెబ్బకు రాజుగారి చేయి కాస్త బరువెక్కింది. నల్ల బంతి మూల పాకెట్ పెదవి దాకా వచ్చి ఆగింది. తెల్ల బంతి దానికి ఎదురుగా నిలిచింది. సైకిల్ షాపు మేడ మీద మొదటి నెల నేర్చుకున్నవారు కూడా వేయగల బంతి. గ్యాలరీలో బఠాణీల చప్పుడు ఆగిపోయింది.

మాణిక్యాంబ వంగింది. ఈ బంతి వేస్తే కప్పు వస్తుంది. రాజుగారు చేయి కలుపుతారు. ఆ రెండు నిమిషాలలో అడగవచ్చు. ఓడిన మనిషిని, ఓడించిన మనిషి, అందరి ఎదుట అడగాలి. ఆ క్షణంలో ఆయన ఏమంటారో ఆమెకు మూడేళ్ల జవాబులు చదివిన అనుభవంతో తెలుసు. ఆమె క్యూను ఒక వెంట్రుకవాసి పక్కకు జరిపింది. తెల్ల బంతి నల్లదాని అంచును తాకింది. నల్లది పాకెట్ పక్క బల్ల అంచు దిమ్మెకు కొట్టుకుని, బల్ల సగం వరకు దొర్లి వచ్చింది.

"అయ్యో అయ్యో, అదేటండీ మేడమ్ గారూ!" ఎస్తేరు ఫ్లాస్కు గుండెకు హత్తుకున్నది. "నోట్లోకొచ్చిన ముద్ద ఊసేశారు!"

"ముద్ద కాదు ఎస్తేరూ, మనకి కావలసింది నీళ్లు."

రాజుగారికి ఆ మాట వినబడలేదు. ఆయనకు కనబడినది ఒక్కటే: అంత తేలిక బంతి వదిలిన ప్రత్యర్థికి ధైర్యం చెడిందని. ముప్పై ఏళ్ల ప్రతిష్ఠ ఆయన మోచేతిలోకి దిగింది. నల్ల బంతి మధ్య పాకెట్‌కు అనువుగా ఉన్నది. ఆయన మెల్లగా కొట్టవలసింది. మెల్లగా కొట్టేవారిని ఆయన చిన్నచూపు చూస్తారు. బంతి పాకెట్ అడుగున ధణేలుమన్నది.

గదిలో కేకలు చెలరేగాయి. సిద్ధంగా ఉంచిన బంతిపూల దండ రాజుగారి మెడలో పడింది. ఎవరో ఆయనను ఎత్తబోయి, బరువు చూసి మానుకున్నారు. ఫొటోగ్రాఫరు కుర్చీ ఎక్కాడు. ఆ సంబరంలో బల్ల వైపు చూస్తున్నది ఇద్దరే: మాణిక్యాంబ, నరహరిగారు. తెల్ల బంతి ఇంకా ఆగలేదు. అది ఒక దిమ్మెకు తగిలి, ఇంకొక దిమ్మెకు తగిలి, చేయవలసిన పనేదో గుర్తుకు వచ్చినట్లు మూల పాకెట్ వైపు తిరిగి, అంచున ఒక్క క్షణం ఆలోచించి, లోపలికి దిగిపోయింది.

"ఫౌల్," అన్నారు నరహరిగారు. "తెల్ల బంతి పడినది. ఏడు పాయింట్లు ప్రత్యర్థికి. అరవై ఎనిమిది, అరవై ఒకటి. ఫ్రేము, పోటీ, శ్రీమతి మాణిక్యాంబవి."

రాజుగారి చేయి దండ మీదే ఆగిపోయింది.

"అదెలా కుదురుద్దండీ? నల్లది ముందు పడిందా లేదా?"

"పడినది."

"అది పడగానే ఫ్రేము అయిపోయిందా లేదా?"

"చెప్పండి."

"అయిపోయిన ఫ్రేములో తెల్ల బంతి ఎటుపోతే మీకేంటండీ? నేను చచ్చిపోయాక నా మీద కేసు పెట్టినట్టుంది!"

నరహరిగారి కళ్లు మెరిశాయి. "ఆసక్తికరమైన న్యాయ ప్రశ్న. దెబ్బ ఎప్పుడు ముగుస్తుంది? బంతి పడినప్పుడా, బంతులన్నీ నిలిచినప్పుడా? నా అభిప్రాయం రెండవది. అయినా నా తీర్పుపై రాష్ట్ర క్రీడా వివాదాల మండలికి మీరు అప్పీలు చేసుకోవచ్చు."

"చేస్తాను! సుప్రీంకోర్టు దాకా వెళ్తాను!"

"రాజుగారండీ, వద్దు," భాస్కరరెడ్డి ఆయన మోచేయి పట్టుకున్నాడు. "ఫ్రేము అయిపోయిందండి. గది వచ్చేసిందండి. ఒప్పేసుకోండి బాబూ."

"గది కాదయ్యా, న్యాయం!"

"అప్పీలు దాఖలైతే," నరహరిగారు కొనసాగించారు, "తుది తీర్పు వెలువడువరకు ఫ్రేము ముగిసినట్లు పరిగణించరాదు. యథాతథ స్థితి. అయితే ఒక షరతు. జరిగినది ఇది అని ఇద్దరు పోటీదారులూ సంతకం చేసిన వాస్తవ నివేదిక లేనిదే మండలి అప్పీలు స్వీకరించదు."

అందరూ మాణిక్యాంబ వైపు తిరిగారు. గెలిచిన మనిషి, తన గెలుపు మీద అప్పీలుకు తానే సంతకం చేయాలి.

రాజుగారు దండ తీసి కుర్చీ మీద పెట్టి, ఆమె ముందుకు వచ్చారు. ఆయన ఒక స్త్రీని సాయం అడగడం ఆ గదిలో అదే మొదటిసారి కావడం వల్ల మాటలు దొరకడానికి కాస్త సమయం పట్టింది.

"మేడమ్ గారూ... ఒక్క సంతకం... మీరు కాదంటే నేనేమీ చెయ్యలేనండి. ఇది గౌరవానికి సంబంధించింది."

"తప్పకుండా చేస్తానండి," అన్నది మాణిక్యాంబ. "కాని ప్రత్యర్థితో వ్యవహారాలు మాట్లాడకూడదంటిరి?"

"ఇది వ్యవహారం కాదండి. ప్రొసీజరు."

"నాది కూడా ప్రొసీజరేనండి. ఒక్క సంతకం. పచ్చిక తవ్వుకోడానికి."

రాజుగారు మీసం మీద చేయి వేసుకున్నారు. పెరటి పచ్చిక ఆయన స్వయంగా కొరియా గడ్డి తెప్పించి వేయించినది.

"ఎంత వెడల్పు తవ్వుతారు?"

"రెండడుగులండి," భాస్కరరెడ్డి వెంటనే అందుకున్నాడు. మూడేళ్లుగా తన బల్ల మీద కూర్చున్న ఫైలు కదలడం చూసి అతడికి కూడా ఉత్సాహం వచ్చింది. "తవ్విన చోట మళ్లీ గడ్డి వేయించేస్తానండి. మీకసలు తెలీనే తెలీదు."

"నేను సంతకం పెట్టకపోతే?"

"నేనూ పెట్టనండి. ఫ్రేము ముగిసిపోతుంది. కప్పు పట్టుకుని ఇంటికెళ్లిపోతాను. మీరు చెడగొట్టుకున్న ఆట మీ దగ్గరుంటుంది."

"పెట్టెయ్యండి," అని సుభద్రమ్మగారు పైనుంచి అన్నది. "ఆ పిల్లలు బకెట్లు మోస్తుంటే హాస్టలు వెనకే ఉన్న మన ఇంటి పెరట్లోకి రోజూ వినబడతానే ఉంది. మీకు తెలీదు, మీరు మీటింగులో ఉంటారు."

రాజుగారు సంతకం చేశారు. ఆయన సంతకం పెద్దది, చివర రెండు గీతలు ఉంటాయి. ఎస్తేరు ఆ కాగితాన్ని సిరా ఆరకముందే లాక్కుని, ఫూఫూమని ఊది, పమిట కొంగుతో విసిరి, తన జాకెట్టులో దోపుకున్నది. ఆ తరువాత మాణిక్యాంబ వాస్తవ నివేదిక ఆసాంతం చదివి, "నల్ల బంతి పడిన పిమ్మట" అన్న చోట "తెల్ల బంతి చలనములో నుండగా" అన్న మాటలు చేర్పించి, కింద చిన్న అక్షరాలతో సంతకం చేసింది. నరహరిగారు అప్పీలు ముట్టినట్లు ప్రకటించి, యథాతథ స్థితిని పొడిగించారు. కప్పును ఎవరికీ ఇవ్వకుండా బీరువాలో పెట్టి తాళం వేశారు.

మాణిక్యాంబ క్యూను సంచిలో సర్దుకున్నది. రేపు ఆరు గంటలకు మళ్లీ రావాలి. హాజరు తప్పితే ఓడినట్లే. వచ్చేటప్పుడు అంగన్‌వాడీ భవనాల ఫైలు తెచ్చుకోవచ్చునని ఆమెకు తోచింది. దానికి సంబంధించిన ఇంజనీరు ప్రతి గురువారం గ్యాలరీ కింద కూర్చుంటాడు.

అప్పీలుపై తీర్పు పదమూడేళ్లకు వచ్చింది. బంతులన్నీ నిలిచినప్పుడే దెబ్బ ముగుస్తుందని, ఫ్రేము శ్రీమతి మాణిక్యాంబదేనని మండలి తేల్చింది. ఈలోగా ఆట ఆగకూడదని సంఘం రెండో బల్ల కొన్నది. ఆ ఫ్రేము నడుస్తున్నందువల్ల స్త్రీల రాకకు అభ్యంతరం చెప్పే అవకాశం ఎవరికీ రాలేదు. తీర్పు వచ్చే నాటికి అలా ఒక అభ్యంతరం ఉండేదని గుర్తున్నవారు కార్యవర్గంలో ఒక్కరూ లేరు. గొట్టం ఆ ఆగస్టులోనే పడింది. హాస్టలు ఇప్పుడు మూడంతస్తులు. కింది రెండు అంతస్తులకూ నీళ్లు వస్తాయి. మూడో అంతస్తుకు ఎక్కవు. ఆ విషయమై ఒక ఫైలు పరిశీలనలో ఉన్నది.